పాచి పట్టని దోసిళ్ళు

కిందటివారం మిమ్మల్ని కాలువ గట్టు మీద ముక్కు మూసుకుని నిలబడ్డ చోటే వదిలేశాను. ఏం చేయను, కంపు అలాంటిది. అట్టడుగు దోసిలి కింద వదిన పట్టిన గాజు గ్లాసులో నీళ్ళు నల్లగా దిగాయి. ఆ గ్లాసు చూసిన కోపంలో వదిన పక్కింటి రంగులత్త మీద ఒంటికాలి మీద లేచింది. "మీ అద్దకం షెడ్డు నీళ్ళే ఇవి. చాటుగా వదులుతున్నారు కదూ" అనేసింది. మామూలుగా నోరు విప్పితే వీధి చివరిదాకా వినబడే మనిషి రంగులత్త. అలాంటిది ఒక్క మాట కూడా అనకుండా, చేతుల నీలం గుడ్డకి తుడుచుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అరిచి ఉంటే మాకు అంత భయం వేసేది కాదు.

ఈ వారమే కొత్తగా మా వీధిలోకి వచ్చినవాళ్ళుంటే వాళ్ళకి రెండు ముక్కలు. మాది కూజాలు, గిన్నెలు కాల్చే బట్టీ. నాన్న దానికి మేస్త్రీ, నేను మెరుపు కోసం పూసే గ్లేజు పూతలు కలిపేదాన్ని. అన్నయ్య సరుకు వ్యాను మీద తిరుగుతుంటాడు, అందుకే ఈ కథలో ఎప్పుడు చూసినా దారిలోనే ఉంటాడు. వదిన శిల్పి. మా ఇంటి వెనక కాలువ చూసి అందరూ కిటికీలు మూసుకుంటే, ఆవిడ మాత్రం కిటికీ తీసి కూర్చుని బొమ్మలు గీసింది. ఆ బొమ్మల్లోంచే దోసిళ్ళు పుట్టాయి.

వీధిలోవాళ్ళ చేతులు చూసి, ఒక్కొక్కరిది ఒక్కో దోసిలి, బిడ్డని పడుకోబెట్టేంత పెద్దది, మట్టితో చేసి కాల్చింది. గట్టు మీద నుంచి కిందికి మెట్లు మెట్లుగా పరిచింది. మోటారు కాలువ నీళ్ళని పై దోసిలికి ఎత్తితే, అవి చేతిలోంచి చేతిలోకి దుముకుతూ, గాలి పీల్చుకుంటూ, కాస్త కాస్త తేరుకుంటూ కింద జమ్ము మొక్కల్లోంచి తిరిగి కాలువలో కలవాలి. చూడ్డానికి బొమ్మ, చేసేది వైద్యం అనేది వదిన. మునిసిపాలిటీ ఇంజనీరు మాత్రం కాలువ మీద స్లాబు వేసి రోడ్డు చేసేద్దామనేవాడు. ఏ సమస్య చెప్పినా ఆయన జవాబు స్లాబే కాబట్టి వీధంతా ఆయన్ని స్లాబుగారనే అంటుంది. ఆ గ్లాసు పట్టిన మర్నాడు మధ్యాహ్నం వచ్చి అడుగు దోసిలి నీళ్ళు చూస్తానన్నాడు. బాగుంటే కాలువ బతుకుతుంది. లేకపోతే దోసిళ్ళు పగలగొట్టి, ఆ పెంకులే స్లాబు కింద పరుస్తారు.

ఆ పొద్దున వదిన గట్టు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పెట్టిన టీ చల్లారి తొరక కట్టింది.

"లోపలికి రా వదినా, ఏదైనా తిను."

"ఆయన వచ్చాక నేనే చెప్పేస్తాను. స్లాబు వేసుకోండి అని."

"తిన్నాక చెప్పు."

"నాకు వేళాకోళంగా లేదు పిల్లా. వీధిలో అందరి చేతులూ అడిగి తీసుకున్నాను. అందరి చేతుల్లోనూ మురుగు పోశాను. ఇంక నేను మట్టి ముట్టుకోను."

వదిన ఊరికే అనే మనిషి కాదు. అలాంటప్పుడు నేను చేసేది ఒక్కటే, ఏదో ఒక పని. మోటారు ఆపి, దోసిళ్ళలో ఇరుక్కున్న ఆకులు తీయడానికి దిగాను.

పై దోసిలిలో చెయ్యి పెట్టాను. మెత్తగా, జిగటగా పాచి. వేళ్ళు తీస్తే పచ్చగా అంటుకొచ్చింది. రెండోదీ అంతే, దాని తర్వాతదీ అంతే. సగం మెట్లు దిగేదాకా అన్నిట్లోనూ వదిన మట్టి పచ్చిగా ఉన్నప్పుడు దువ్వెనతో గీసిన సన్నగీతలు, ఆ గీతల నిండా పాచి. ఆ తర్వాతి దోసిలిలో చెయ్యి పెట్టేసరికి జారిపోయింది. గట్టు పట్టుకోకపోతే నేనే బోర్లా పడేదాన్ని. దానిలో పాచి లేదు, గీతలూ లేవు. మా ఇంట్లో అన్నం తినే పళ్ళెం కూడా అంత నున్నగా ఉండదు. కిందివన్నీ అదే తీరు.

ఆ నునుపు ఎవరిదో నాకు తెలుసు. ఈ వీధిలో పుట్టినవాళ్ళెవరికైనా తెలుసు.

మా బట్టీలో ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువైనా నాన్న బొటనవేలు దాటాకే గుమ్మం దాటాలి. లోపలి అంచు వెంబడి వేలు ఒక చుట్టు తిప్పుతాడు. ఎక్కడైనా తగిలితే ఏమీ అనడు, పక్కన పెట్టేస్తాడు. అలా పక్కన పెట్టినవాటితో మా పెరట్లో గోడ ఒకటి లేచింది. బట్టీ వెనకవైపు వరసలో పెట్టినవి మటుకు కాల్చేటప్పుడు ఎప్పుడూ చిట్లిపోతుంటాయి. కాలువని ఆనుకున్న ఆ బట్టీ గోడకి ఏడాది పొడుగునా చెమ్మే. చిట్లినప్పుడల్లా నాన్న నన్నే తిడతాడు, నేను పూత పల్చగా కలుపుతానట. నేను పుట్టకముందు కూడా చిట్లేవని రంగులత్త చెప్పినా వినడు.

పైవరస దోసిళ్ళు గుమ్మం దాటిన రోజు నాకు బాగా గుర్తు. "వీటికి మీ వేలు వద్దు మామయ్యా, ఇవి ఇలాగే ఉండాలి" అని వదిన బతిమాలితే, సరే అన్నాడు గానీ, వాటిని మోసుకెళ్తున్నంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కిందివరస కాల్చేనాటికి వదిన వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంటే వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేసరికి అన్నయ్య మనుషుల చేత దోసిళ్ళన్నీ అమర్చి నీళ్ళు కూడా వదిలేశాడు. పారుతున్న నల్లటి నీళ్ళ కింద గీతలున్నాయో లేవో ఎవరికి కనబడుతుంది?

"వదినా," అన్నాను, "ఒకసారి ఇందులో చెయ్యి పెట్టు."

పెట్టింది. ఆవిడ మొహంలో మొదట అర్థం కాకపోవడం, తర్వాత అర్థం కావడం, ఆ తర్వాత ఇంకేదో కనబడింది. లేచి, తడి కాళ్ళతోనే బట్టీ వైపు నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. మా ఇంట్లో మామా కోడళ్ళు ఇంతవరకు గట్టిగా ఒక మాట అనుకోలేదు. ఈ పొద్దుటితో ఆ ముచ్చట తీరిపోతుందనుకున్నాను.

నాన్న సారె ముందు కూర్చుని కూజా మెడ పైకి లాగుతున్నాడు. వదిన ఎదురుగా నిలబడింది. అరుస్తుందని చూశాను. అరవలేదు.

"మామయ్యా, కిందివరస దోసిళ్ళు మీరు తోమారా?"

నాన్న సారె ఆపాడు. తలెత్తి చూశాడు. ఆయన మొహం వెలిగింది. నిజం చెబుతున్నాను, పెళ్ళిచూపుల్లో ఒప్పుకున్నామని చెప్పినప్పుడు కూడా అన్నయ్య మొహం అంతలా వెలగలేదు.

"చూశావా," అన్నాడు. "ఎప్పుడు చూస్తావా, ఎప్పుడు అడుగుతావా అని నేనూ చూస్తున్నాను. నీ అంతట నువ్వు చూస్తేనే బావుంటుందని నోరు కట్టుకుని ఉన్నా. తడిగుడ్డతో గీతలు మూశా, గులకరాయితో రుద్దా, పైన ఒక పూత వేశా. ఒక్కదానికి కూడా వేలు తగలదు. తగిలిందా?"

నా పూత డ్రమ్ము సగానికి ఎందుకు దిగిపోయిందో నాకప్పుడు తెలిసింది. దాని గురించి నేను అన్నయ్యని వారం రోజులు సాధించాను. ఆ సంగతి ఇప్పుడు వద్దు.

తిడదామని వచ్చిన మనిషికి ఎదుటివాడు బహుమతి చేతిలో పెట్టి, నచ్చిందా అని అడిగితే ఎలా ఉంటుందో వదినకి అలా ఉంది. నాన్న వెలుగు మెల్లిగా తగ్గింది.

"ఏం, బాలేదా?"

"చాలా బావున్నాయి మామయ్యా. అంత నున్నగా నేను జన్మలో చేయలేను." వదిన ఆయన ఎదురుగా నేల మీద చతికిలబడింది. "కానీ ఆ గీతలు అందానికి కాదు. పాచి పట్టడానికి."

"పాచా?"

"పాచే. గరుకుగా ఉంటేనే అది పట్టుకుంటుంది. నీళ్ళలో మురికిని తినేది అదే. మనం చేసేది దానికి ఇల్లు కట్టివ్వడమే. నున్నగా ఉంటే అది నిలబడదు, నీళ్ళు ఎలా వచ్చినవి అలాగే జారిపోతాయి. పైవరస దాకా నీళ్ళు తేరుకుంటున్నాయి. అక్కణ్ణుంచి కిందికి ఏ దోసిలీ మడ్డిని పట్టుకోక, అదంతా అట్టడుగున చేరి నీళ్ళని మళ్ళీ నల్లగా చేస్తోంది. ఇన్నాళ్ళూ ఎందుకో తెలీక..."

నాన్న సారె మీది కూజా వైపు చూశాడు. దాని మెడ అప్పటికే ఒక పక్కకి వాలిపోయింది. దాన్ని నిలబెట్టే ప్రయత్నం చేయలేదు.

"పాచి కోసమని ముందే చెప్పొచ్చుగా అమ్మాయీ."

"చెబితే మీ బట్టీలో కాల్చనిచ్చేవారా?"

నాన్న ఆలోచించాడు. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు, ఆడదామని చూసినా మధ్యలో మర్చిపోతాడు. "కాల్చనిచ్చేవాణ్ణి కాదు," అన్నాడు. "యాభై ఏళ్ళుగా గిన్నెలకి పాచి పట్టకుండా ఎలా చేయాలా అనే కదా చూస్తున్నాను." తర్వాత గొంతు తగ్గించి, "పైవరస పెట్టినప్పుడు కూజాల షాపతను వచ్చాడు. లోపల తడిమి, మీ కోడలికి ఇంకా చెయ్యి తిరగలేదు మేస్త్రీ అని నవ్వాడు. నాకు తలకొట్టేసినట్టయింది. నన్నంటే పడతాను. నిన్నెవరూ అనకూడదని తోమాను. నాకంటే నీ చెయ్యి గొప్పదని వాడు చెప్పుకోవాలని తోమాను," అన్నాడు.

వదిన రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. ఏడుస్తూనే నవ్వుతోంది. భుజాలు ఊగిపోతున్నాయి. నాన్న కంగారుగా నా వైపు చూశాడు. నాకూ నవ్వొచ్చేసింది. ఎందుకంటే అప్పటికి నా బుర్రకీ ఎక్కింది. దోసిళ్ళు పనిచేస్తాయి. పనిచేయనిది నునుపు. ఇన్నాళ్ళూ గుండె మీద ఉన్న బండ ఎవరో దింపి పక్కన పెట్టినట్టయింది.

"అయితే తప్పు బొమ్మది కాదు," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. "నా లెక్క తప్పలేదు."

"రంగులత్తది కూడా కాదు," అన్నాను నేను.

వదిన నవ్వు టక్కున ఆగిపోయింది.

రంగులత్త తలుపు కొట్టడానికి మా ఇద్దరిలో ఎవరు ముందు నడవాలని గుమ్మం దగ్గర కాసేపు తోసుకున్నాం. వదిన కోసమే ఆవిడ తన షెడ్డు వెనక మడ్డి దిగే గుంటలు తవ్వించి, రంగు నీళ్ళు వాటిలో తేరాకే బయటికి వదులుతోంది. ఆ మనిషిని పట్టుకుని చాటుగా వదులుతున్నారనడం పుండు మీద కారం చల్లడమే. తలుపు తెరుచుకుంది.

"ఏం, నిన్న అనడానికి ఇంకా ఏమైనా మిగిలిపోయిందా?"

"అత్తా, తప్పు మా ఇంట్లోనే ఉంది. మామయ్య కిందివరస నున్నగా తోమేశారు. కనుక్కోకుండా మిమ్మల్ని అన్నాను. మీ మొహం చూడ్డానికి నాకు సిగ్గుగా ఉంది."

రంగులత్త కాసేపు మొహం మాడ్చుకునే నిలబడింది. అలా ఉండాలనే ఉంది ఆవిడకి, కానీ లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చేస్తోంది. "తోమేశాడా? నా అద్దకం తొట్టె కూడా అలాగే తోమిచ్చాడు మహానుభావుడు. అందులో పట్టుగుడ్డ వేస్తే సబ్బుముక్కలా జారిపోతుంది, చేత్తో పట్టుకోవాలి. ఆయన నునుపు పిచ్చి నాకు తెలియకా." తర్వాత వేలు చూపించి, "నిన్న నువ్వన్న మాట మాత్రం నేను మర్చిపోను. ఒక ఏడాది గుర్తుంచుకుంటాను. టీ పెట్టు, వస్తున్నా," అంది.

వచ్చేటప్పుడు తొట్టెలు గోకే ఇనప బ్రష్షులు గంపెడు తెచ్చింది. నేను బట్టీలో ఉన్న ఆకురాళ్ళన్నీ తెచ్చాను. గట్టు మీద మనుషులు చేరారు. ఎవరి దోసిలి దగ్గర వాళ్ళు కూర్చున్నారు. తమ చేతిని తామే గోక్కోవడం గమ్మత్తుగా ఉందని బేకరీ ఆయన నవ్వాడు. కాలిన మట్టి మీద ఇనుము గరగరలాడుతుంటే ఆ చప్పుడుకి పళ్ళు జివ్వుమన్నాయి గానీ, ఎవరూ ఆపలేదు.

నాన్న అందరికంటే కింద, అట్టడుగు దోసిలి దగ్గర కూర్చున్నాడు. అది ఆయన చేతులే. అడిగితే ఇవ్వనన్నాడని, సారె మీద పనిచేస్తుండగా చూసి చూసి వదిన చేసింది. వంకర తిరిగిన చిటికెనవేలు కూడా ఉంది. ఆయన ఆకురాయి పట్టుకుని, దింపకుండా అలాగే ఉండిపోయాడు.

"ఎక్కడ గీయమంటావమ్మా?"

"మీ ఇష్టం మామయ్యా."

"పాడుచేయడానికి ఇష్టమేంటి," అని గొణిగాడు. తర్వాత తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "నా చేతికి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆఫీసుల్లో వేలిముద్ర వేయమంటే మిషను తీసుకోదు. బొమ్మలో గీతలు చూసి, ఇవి నావి కావనుకుని ముందు దీన్నే రుద్దేశాను."

"ఉన్నప్పుడు ఎలా ఉండేవో గుర్తుందా?" అని అడిగింది వదిన.

"కొంచెం."

"అవే గీయండి."

నాన్న ఆకురాయి ఆనించాడు. మొదటి గీత పడినప్పుడు ఆయనకి నొప్పి పుట్టినట్టు కళ్ళు మూసుకున్నాడు. రెండో గీతకి ఒక కన్ను తెరిచాడు. పక్కనుంచి రంగులత్త, "అది ఆయుష్షు గీత. కాస్త పొడుగ్గా లాగు, పిసినారితనం చేయకు," అంది. నాన్న నిజంగానే పొడుగ్గా లాగాడు. ఆ తర్వాత ఆయన్ని ఆపడం మావల్ల కాలేదు. గీత పక్కన గీత, ఒకే లోతు, ఒకే ఎడం. పాడుచేయడంలో కూడా మా నాన్నకి వంక పెట్టే వీల్లేదు. వదిన పై దోసిళ్ళలోంచి పాచి చేతులతో తీసుకొచ్చి, గోకిన ప్రతి దోసిలిలోనూ పాలకి తోడు వేసినట్టు కాస్త కాస్త పులిమింది.

స్లాబుగారు వచ్చేసరికి అందరం పెంకుల పొడిలో మునిగి ఉన్నాం.

"పగలగొట్టేస్తున్నారా? ఆ పని మావాళ్ళు చేసేవారుగా," అన్నాడు గట్టు మీద నిలబడి. అన్నది ఎగతాళిగా కాదు, కాస్త బాధగానే.

వదిన లేవబోయింది. నాన్న ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తను లేచాడు. వీధి మొత్తం అక్కడే ఉంది. కూజాల షాపతను కూడా వచ్చి నిలబడ్డాడు, చప్పుడు ఏమిటో చూద్దామని. బట్టీ పేరంటే ప్రాణం పెట్టే మనిషి ఏం చెబుతాడా అని చూశాను.

"పగలగొట్టడం కాదు సార్. నేను చేసిన తప్పు గోకుతున్నాం," అన్నాడు నాన్న అందరికీ వినబడేలా. "నా కోడలు గరుకుగా చేసింది, అదే సరైన పని. నేను తెలివనుకుని నున్నగా తోమాను. కిందివరస నీళ్ళు నల్లగా ఉన్నాయంటే కారణం నేనే. బొమ్మలో వంక లేదు. కావాలంటే సగం దాకా చూడండి."

వదిన తల వంచుకుంది. ఆవిడ చెయ్యి నా చెయ్యిని ఎంత గట్టిగా నొక్కిందంటే ఆ పెంకుల పొడి నా అరచేతిలో అచ్చుపడింది.

మోటారు వేశాం. నీళ్ళు పై దోసిలిలోంచి ఒక్కొక్క చేతిలోకీ దుమికాయి. పైవరసలో ఆఖరి దోసిలి కింద స్లాబుగారు గ్లాసు పట్టాడు. వెలుతురుకి ఎత్తాడు. వాసన చూశాడు. మేమందరం ఆయన ముక్కు వంకే చూస్తున్నాం. ఒక మనిషి ముక్కుని అంతమంది అంత భక్తిగా చూడటం నేనెప్పుడూ ఎరగను.

"కంపు లేదు," అన్నాడు. "ఇదేదో పచ్చగా తేలుతోంది."

"పాచి సార్," అన్నాడు నాన్న. "మంచి పాచి."

రంగులత్త దగ్గు వచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

స్లాబుగారు బూట్లు విప్పి కిందికి దిగాడు. పైదాంట్లో ఒకసారి, ఇంకా గోకని కిందిదాంట్లో ఒకసారి చెయ్యి పెట్టి చూశాడు. రెండోదాంట్లో చెయ్యి జారి మోచేతిదాకా తడిసింది. ఆ జారడం మాకు ఏ సర్టిఫికెట్టూ చేయనంత మేలు చేసింది.

"సరే. సగం దాకా పనిచేసిందంటే కిందిదాకా పనిచేయొచ్చు. చేస్తుందనట్లేదు, చేయొచ్చంటున్నాను. స్లాబు పని ఎండాకాలం దాటేదాకా ఆపిస్తాను. అప్పుడొచ్చి అడుగు దోసిలే చూస్తాను, మధ్యది కాదు." బూట్లు వేసుకుంటూ వదినతో, "ఒకటి మాత్రం ఆలోచించుకోండమ్మా. ఎండలు ముదిరితే ఈ కాలువలో మోటారుకి అందేన్ని నీళ్ళుండవు. పాచి ఎండిపోతే మళ్ళీ మొదటికే వస్తారు. నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారో చూసుకోండి," అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక అందరూ ఒకేసారి మాట్లాడారు. వదిన పొద్దుటినుంచి మొదటిసారి ఆకలేస్తోందంది. రంగులత్త తెచ్చిన రొట్టెలు గట్టు మీద కూర్చుని, వేళ్ళకి అంటిన పొడితో సహా తినేసింది. నాకైతే చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఎండాకాలం సంగతి ఎండాకాలంలో చూసుకోవచ్చనిపించింది. కూజాల షాపతను నాన్న దగ్గరికి వచ్చి, గోకిన దోసిలి లోపల తడిమి, "తగులుతోంది మేస్త్రీ," అన్నాడు. "తగలాలి," అన్నాడు నాన్న. అంతటితో ఆ లెక్క సరిపోయింది.

పొద్దు వాలుతుండగా అన్నయ్య వ్యాను దిగి వచ్చాడు. జరిగిందంతా ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెబితే విన్నాడు. అంతా అయ్యాక మోటారు పైపు శుభ్రం చేస్తానని కాలువలోంచి బయటికి లాగాడు. పైపు మూతి జాలీకి చెత్త చుట్టుకుని ఉంది. నాన్న కూర్చుని చెత్త తీస్తున్నాడు. తీస్తూ తీస్తూ ఆగిపోయాడు.

"ఏంటి నాన్నా?"

జాలీకి ఒక పక్కన, మా బట్టీ వెనక గోడ వైపు ఉన్న పక్కనే, మిరియపు గింజలంత నత్తలు అంటుకుని ఉన్నాయి. ఒకదాన్ని వేలి మీదికి తీసుకున్నాడు. అది మెల్లిగా కొమ్ములు బయటపెట్టింది.

"బతికే ఉంది," అంది వదిన ముందుకు వంగి. "ఈ మురుగులో ఎలా బతికింది?"

"మురుగులో బతకదమ్మా ఇది. ఊట నీళ్ళలోనే ఉంటుంది. నా చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇవాళే." నాన్న గట్టు దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, బట్టీ గోడ అడుగున చెయ్యి పెట్టాడు. అలాగే ఉంచాడు. "రా. ఇక్కడ పెట్టి చూడు."

వదిన పెట్టింది. నేనూ పెట్టాను. రోజంతా ఎండకి కాగిన కాలువలో ఆ రాళ్ళ సందున మాత్రం నీళ్ళు చల్లగా, మెల్లిగా చేతిని తోస్తున్నాయి. ఏడాది పొడుగునా చెమ్మగా ఉండే గోడ. వెనక వరసలో చిట్లిపోయే కూజాలు. నేను పూత పల్చగా కలుపుతానని పడ్డ తిట్లన్నీ.

"ఈ కాలువ పుట్టిందే ఈ ఊటలోంచి," అన్నాడు నాన్న. "మా నాన్నకి బట్టీ కట్టడానికి గట్టి నేల కావాల్సి వచ్చింది. రాళ్ళు పోసి మూయించాడు. ఆ రాళ్ళు నేనూ అందించాను. ఇంత చిన్నవాణ్ణి. చచ్చిపోయిందనే అనుకున్నాను."

ఎండాకాలానికి నీళ్ళు ఎక్కడివని స్లాబుగారు అడిగిన ప్రశ్న మా నలుగురి మధ్యా నిలబడి ఉంది. నీళ్ళు దొరికాయి. అవి ఎక్కడున్నాయో అందరికీ అర్థమైంది కాబట్టి ఎవరమూ సంతోషం పైకి అనలేకపోయాం. వదిన తలెత్తి బట్టీ పొగగొట్టం వైపు చూసి, వెంటనే చూపు దించేసుకుంది. ఆవిడ అడగదు. ప్రాణం పోయినా అడగదు.

నాన్న ఆ నత్తని వదిన అరచేతిలో జాగ్రత్తగా పెట్టాడు. ఆయన మొహం పొద్దున వెలిగినట్టే మళ్ళీ వెలిగింది.

"నీ కాలువకి నీళ్ళు కావాలంటే," అన్నాడు, "మనం నా బట్టీ విప్పాలమ్మాయీ."